విరగని బోరింగు వెనుక

బోరు వేయడమే కష్టం, పైన పంపు బిగించడానికేముంది అని చాలాకాలం అందరూ అనుకున్నారు. 1966-67లో బిహార్‌ను కరవు పట్టి పీడించినప్పుడు, గాలి ఒత్తిడితో బండను తొలిచే రిగ్గులను యూనిసెఫ్ మన దేశానికి తెప్పించింది. తర్వాత ఆ పని దక్కన్ పీఠభూమి లాంటి గట్టి రాతి ప్రాంతాలకు కూడా పాకింది. గడ్డపారలతో, మందుగుండుతో నెలల తరబడి బావి దించాల్సిన చోట రోజుల్లోనే నీరు తగలసాగింది. పైన ఒక పోత ఇనుము చేతిపంపు బిగిస్తే ఊరి దాహం తీరినట్టేనన్నది అప్పటి లెక్క. 1974లో యూనిసెఫ్ పరిశీలిస్తే తేలింది వేరు. బిగించిన పంపుల్లో దాదాపు నాలుగింట మూడు వంతులు పనిచేయడం లేదు. కింద నీళ్లున్నాయి, పైన బిందెలతో జనం ఉన్నారు, మధ్యలో ఉన్న వస్తువు మాత్రం మూలపడింది. ఇలాంటి చోట మొదట వినిపించే సంజాయిషీ మనకు తెలిసిందే: ఊళ్లోవాళ్లకు వాడటం చేతకాదు, సర్కారు సొమ్మంటే ఎవరికీ పట్టదు, పిల్లలు హ్యాండిల్‌కు వేలాడతారు. పిల్లలు వేలాడేమాట నిజమే. పంపు ఎందుకు విరిగిందో మాత్రం ఆ జవాబుతో తెలియదు.

ఆ పంపులు అమెరికాలో, ఐరోపాలో ఒకనాడు రైతుల ఇళ్ల దగ్గర ఉండే పంపులకు నకళ్లు. అక్కడ ఒక కుటుంబం రోజుకు కొన్ని బకెట్ల నీళ్లు తోడుకుంటుంది. యజమాని అప్పుడప్పుడు నూనె వేస్తాడు, వదులైన మేకును బిగిస్తాడు. ఇక్కడ ఒక పంపు మీద ఊరంతా ఆధారపడింది. మన ప్రభుత్వ ప్రమాణాల్లోనే ఒక చేతిపంపుకు 250 మంది అన్న లెక్క చాలాకాలం ఉంది. చీకటితో మొదలైన చప్పుడు రాత్రి పొద్దుపోయేదాకా ఆగదు. పైగా ఆ పాత పంపులో హ్యాండిల్‌ను, లోపలికి దిగే రాడ్డును మేకులతో నేరుగా కలిపేవారు. హ్యాండిల్ కొస తిరిగేది వంపులో, రాడ్డు కదలాల్సింది నిటారుగా. ఆ తేడా అంతా మేకుల మీద, వాటి చుట్టూ ఉండే బుష్షుల మీద పడేది. తోడిన ప్రతిసారీ రాడ్డు కాస్త పక్కకు ఒత్తుకునేది. రోజుకు కొన్ని బకెట్లయితే ఆ అరుగుదల ఏళ్లకు గాని బయటపడదు. ఊరంతా తోడితే నెలల్లోనే మేకులు అరుగుతాయి, హ్యాండిల్ ఊగుతుంది, ఒకరోజు పోత ఇనుము పుటుక్కున విరుగుతుంది. అంటే పంపు తయారీలో తప్పు జరగలేదు. అది జవాబు చెప్పింది వేరే ప్రశ్నకు. ఒక ఇంటికి నీళ్లెలా తోడాలన్న ప్రశ్నకు పుట్టిన వస్తువును తెచ్చి ఊరి మధ్యలో నిలబెట్టారు.

డిజైన్ అనే మాట వినగానే మనకు చీర అంచో, కారు ఆకారమో, గోడకు వేసే రంగో గుర్తొస్తుంది. పని ముగిశాక పైన పూసే నగిషీ అన్న అర్థంలోనే ఆ మాట వాడుకలో స్థిరపడింది. ఈ వ్యాసంలో దాన్ని ఇంకొంచెం కిందికి దించి వాడుతున్నాను. ఒక వస్తువు ఎవరి చేతిలో, ఏ పరిస్థితుల్లో, ఎంతకాలం, ఏ పని చేయాలో తెలుసుకుని, దానికి తగ్గ రూపం ఊహించి, ఆ ఊహను వాడకంలో పెట్టి చూసి, చెడిన చోటల్లా దిద్దుకుంటూ పోవడమే డిజైన్. ఇందులో ఊహించడం అందరికీ కనిపించే భాగం, దిద్దుకోవడం ఎవరికీ కనపడని భాగం. మంచి డిజైన్‌ను నిర్ణయించేది ఈ రెండోదేనని నా వాదన. సరళత, మన్నిక, వాడకంలో తేలిక అని పుస్తకాలు చెప్పే సూత్రాలన్నీ ఆ దిద్దుబాటు నుంచి వచ్చిన ఫలితాలే గాని, ముందుగా రాసిపెట్టుకుని పాటిస్తే సరిపోయే మంత్రాలు కావు.

దీనికి పాతకాలపు సాక్ష్యం మన ఇంట్లోనే ఉంది. అమెరికన్ డిజైనర్లు చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ దంపతులను భారత ప్రభుత్వం పిలిపించి, మన దేశంలో డిజైన్ శిక్షణ ఎలా ఉండాలో చెప్పమంది. 1958లో వాళ్లిచ్చిన నివేదిక ఆధారంగానే 1961లో అహ్మదాబాద్‌లో జాతీయ డిజైన్ సంస్థ ఏర్పడింది. దేశమంతా తిరిగి ఎన్నో చూసిన ఆ దంపతులు అన్నిటికన్నా మెచ్చుకున్నది లోటాను, అంటే మన చెంబును. దాన్ని ఇవాళ కొత్తగా తయారుచేయాలంటే ఎన్ని సంగతులు ఆలోచించాలో వాళ్లు ఏకరువు పెట్టారు. ఎన్ని నీళ్లు పట్టాలి, నిండుగా ఉన్నప్పుడు బరువు ఎటు ఒరుగుతుంది, ఖాళీగా ఉన్నప్పుడు ఎటు, పట్టుకునే చేయి ఆడవాళ్లదా మగవాళ్లదా పిల్లలదా, ధార ఎలా పడాలి, లోపల చేయి పెట్టి తోమడానికి మూతి ఎంత ఉండాలి, ఏ లోహం, ఎంత ధర, పాతబడ్డాక కరిగిస్తే ఏమొస్తుంది. చెంబు అంచు కొంచెం బయటికి వంగి ఉండటం, మెడ దగ్గర సన్నబడి వేళ్లకు పట్టు దొరకడం, అడుగు గుండ్రంగా ఉండి బరువు కిందికి ఉండటం చూస్తే ఈ ప్రశ్నలన్నిటికీ ఎవరో కూర్చుని జవాబులు రాశారనిపిస్తుంది. అలా రాసిన మనిషి ఒక్కరూ లేరు. తరతరాల కంచరివాళ్లు చేశారు, తరతరాల ఇల్లాళ్లు వాడారు, జారిపోయేవీ తోమడానికి లొంగనివీ మళ్లీ ఎవరూ చేయించుకోలేదు. మిగిలింది ఇప్పుడు మనం చూస్తున్న చెంబు. డిజైన్ ప్రక్రియ అని నేడు కాలేజీల్లో చెప్పేది, ఆ తరాల కాలాన్ని కొన్ని సంవత్సరాల్లోకి కుదించే ప్రయత్నమే. ఊరు దాహంతో ఉన్నప్పుడు తరాలు ఆగడం కుదరదు కదా!

బోరింగు విషయంలో ఆ కుదింపు ఎలా జరిగిందో చూడండి. మొదటి అడుగు పెద్ద ప్రయోగశాలల్లో పడలేదు. మహారాష్ట్రలోని జాల్నాలో, షోలాపూర్‌లో బోర్లు వేస్తూ, చెడిన పంపులు బాగుచేస్తూ ఉన్న మిషనరీ బృందాల దగ్గర పడింది. విరిగిన పంపును వారం వారం విప్పి చూసేవాళ్లకు ఎక్కడ విరుగుతుందో కంఠతా వస్తుంది. వాళ్లు పోత ఇనుము వదిలేసి ఉక్కును వెల్డింగ్ చేసి పంపు తల తయారుచేశారు. షోలాపూర్ పంపులో హ్యాండిల్‌కూ రాడ్డుకూ మధ్య ఉన్న మేకుల ముడి తీసేసి ఒక చైను పెట్టారు. మార్పు చూడటానికి చిన్నదే. హ్యాండిల్ లోపలి కొసకు పావు చక్రం లాంటి ఉక్కు ముక్క ఉంటుంది. మోటారు సైకిల్ చైను లాంటి చైను దాని వంపు మీదుగా వచ్చి, కిందికి వేలాడే రాడ్డును పట్టుకుంటుంది. మనం హ్యాండిల్ కిందికి నొక్కితే పావు చక్రం పైకి లేస్తుంది, చైను దాని వంపు మీద చుట్టుకుంటూ రాడ్డును లాగుతుంది. వంపు కేంద్రం, హ్యాండిల్ తిరిగే ఇరుసు ఒకటే కాబట్టి చైను ఎప్పుడూ ఒకే గీతలో వేలాడుతుంది, రాడ్డు పక్కకు ఒరగదు. హ్యాండిల్ వదిలితే రాడ్ల సొంత బరువే వాటిని కిందికి దించుతుంది. మేకులూ బుష్షులూ పోయి, ఇరుసు దగ్గర మూసి ఉంచిన బాల్ బేరింగులు వచ్చాయి. నూనె వేసే మనిషి ఊరి పంపుకు ఉండడని ఒప్పుకున్నాక వచ్చిన ఆలోచన అది.

ఈ పంపును ఆధారం చేసుకుని ప్రభుత్వం, యూనిసెఫ్, మద్రాసులోని మెకానికల్ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ, ప్రభుత్వ రంగ సంస్థ రిచర్డ్‌సన్ అండ్ క్రుడాస్ కలిసి కొత్త నమూనా తయారుచేశాయి. దానికి ఇండియా మార్క్ 2 అని పేరు పెట్టారు. ఊరి బడి పక్కన, రచ్చబండ దగ్గర, గుడి వీధిలో మనం బోరింగు అని పిలిచేది చాలాచోట్ల ఇదే. ఈ దశలో చెప్పుకోవాల్సింది ఆకారం గురించి కాదు, దేశమంతా పంపించడానికి ముందు ఆగిన తీరు గురించి. 1970ల మధ్యలో కొన్ని నమూనా పంపులను కోయంబత్తూరు ప్రాంతంలోని లోతైన బోర్లకు బిగించి, ఊరివాళ్లను మామూలుగా తోడుకోనిచ్చి, ఏ భాగం ఎప్పుడు అరిగిందో రాసుకున్నారు. లోతైన బోర్లనే ఎంచుకోవడం ముఖ్యం. లోతు పెరిగితే బరువు పెరుగుతుంది, బరువు పెరిగితే బలహీనత త్వరగా బయటపడుతుంది. పదేళ్లకు తెలియాల్సింది ఏడాదిలో తెలుస్తుంది. ఆ తర్వాతే పెద్ద ఎత్తున తయారీ మొదలైంది. 1979లో ఐఎస్ 9301 పేరుతో భారతీయ ప్రమాణం వచ్చింది. దాని మీద ఎవరికీ పేటెంటు లేదు, కొలతలు బహిరంగం, మామూలు వర్క్‌షాపు ఉన్నవాడెవడైనా చేయవచ్చు. అయితే చేసిన ప్రతిదాన్నీ తనిఖీ చేసేవాళ్లుండాలి, ఒక కంపెనీ బేరింగు ఇంకో కంపెనీ పంపులో పట్టాలి. ప్రపంచంలో అతి ఎక్కువగా వాడిన చేతిపంపుల్లో ఒకటిగా, ఆఫ్రికా పల్లెల దాకా అది వెళ్లిందంటే చైను గొప్పతనం ఎంతో, ఈ కొలతల పట్టుదల గొప్పతనం అంతకు తక్కువ కాదు.

ఇక అభ్యంతరాలు. వాడేవాళ్లు జాగ్రత్తగా ఉంటే ఇంత తంటా ఎందుకు, ముందు వాళ్లకు నేర్పండి అనేవాళ్లున్నారు. ఈ వాదనకు గట్టి పరీక్ష విమానాల్లో జరిగింది. పైలట్ల కన్నా ఎక్కువ శిక్షణ పొందిన వాడకందార్లు ఎవరుంటారు? రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా బాంబర్ బి-17 క్షేమంగా నేల మీద దిగిన తర్వాత, పైలట్ రెక్కల మీది ఫ్లాపులు మూయబోయి చక్రాలు మూసేయడం, విమానం కడుపు మీద కూలబడటం పదేపదే జరిగేది. పైలట్ తప్పిదం అని రాసేవారు. ఆల్ఫోన్స్ చాపానిస్ అనే యువ మనస్తత్వ శాస్త్రవేత్త కాక్‌పిట్‌లో కూర్చుని చూస్తే, ఆ రెండు పనులకూ ఉన్న స్విచ్చులు ఒకే ఆకారంలో పక్కపక్కనే ఉన్నాయి. ఆయన చక్రాల స్విచ్చుకు చిన్న రబ్బరు చక్రం, ఫ్లాపుల స్విచ్చుకు రెక్క లాంటి ముక్క తగిలించాడు. చూడకుండానే చేతికి తేడా తెలిసింది, ఆ రకం ప్రమాదాలు ఆగాయి. యుద్ధం ముగిశాక 1947లో పాల్ ఫిట్స్, రిచర్డ్ జోన్స్ అనే పరిశోధకులు పైలట్ తప్పిదాలుగా చెప్పుకున్న 460 అనుభవాలను విడదీసి చూసి, వాటిలో పెద్ద భాగం ఏదో ఒక మీటను ఇంకో మీట అనుకోవడం వంటివేనని, పరికరాల అమరిక మారిస్తే తగ్గించగలిగినవేనని చెప్పారు. ఈనాటికీ ప్రయాణికుల విమానాల్లో చక్రాల మీట కొస చక్రం ఆకారంలో ఉండాలన్నది నిబంధన. ప్రాణం మీదికొచ్చే చోట, ఏళ్ల శిక్షణ ఉన్నవాళ్లే పొరబడితే, బిందె నిండేలోగా ఇంట్లో పొయ్యి గుర్తొచ్చే ఇల్లాలికి జాగ్రత్త పాఠాలు చెప్పి లాభం ఎంత?

చదువు లేనివాళ్లకు వాడటం చేతకాదన్న మాటకు జవాబు ఎన్నికల్లో దొరుకుతుంది. కాగితం బ్యాలెట్ కాలంలో ముద్ర రెండు గుర్తుల మధ్య గీత మీద పడటం, రెండు చోట్ల పడటం, మడిచినప్పుడు సిరా ఇంకో గుర్తుకు అంటడం వల్ల ఓట్లు చెల్లకుండా పోయేవి. తప్పు ఓటరు ఖాతాలో పడేది. మన హైదరాబాద్ ఈసీఐఎల్‌లోనూ, బెంగళూరు బీఈఎల్‌లోనూ తయారైన ఓటింగ్ యంత్రంలో ప్రతి గుర్తుకూ ఎదురుగా ఒక బటన్ ఉంది. నొక్కగానే పక్కన ఎర్ర దీపం వెలుగుతుంది, బీప్ మని మోగుతుంది. పోలింగ్ అధికారి మళ్లీ అనుమతిస్తే గాని ఇంకోసారి నొక్కినా పనిచేయదు. చేయాల్సింది కళ్లెదుట ఉండటం, చేసింది జరిగిందని వెంటనే తెలియడం, తప్పు చేయాలన్నా కుదరకపోవడం అన్న మూడు సూత్రాలూ అందులో ఉన్నాయి. యంత్రాల నమ్మకం మీద ఉన్న రాజకీయ వివాదం వేరు, దాన్ని ఇక్కడ కలపడం లేదు. ముద్ర తప్పుగా పడి ఓటు చెల్లకపోవడం అన్నది మాత్రం యంత్రంలో లేకుండా పోయింది. ఓటర్లు అంతకుముందు ఎవరో తర్వాతా వాళ్లే.

రెండో అభ్యంతరం మెరుపు లాంటి ప్రతిభ గురించి. గొప్ప వస్తువులు ఒక్కరి బుర్రలో పుడతాయి, కమిటీలూ పరీక్షలూ వాటిని చప్పబరుస్తాయి అంటారు. చింతకింది మల్లేశం ఆసు యంత్రాన్ని ఇందుకు ఉదాహరణగా చూపవచ్చు. పోచంపల్లి రకం చీర నేయడానికి ముందు నూలును అర్ధచంద్రాకారంలో నిలిపిన మేకుల చుట్టూ పోయాలి, ఆసు అంటే ఈ పనే. ఒక్క చీరకు చేయి వేల సార్లు అటూ ఇటూ తిరగాలి. 9,000 సార్లని నేతవాళ్ల లెక్క. తల్లి లక్ష్మి భుజం నొప్పి చూసి, పెద్ద చదువు లేని ఆ యువకుడు ఒంటరిగా యంత్రం చేశాడు, దానికి ఆమె పేరే పెట్టాడు, 2017లో పద్మశ్రీ అందుకున్నాడు. నిజమే, కమిటీ లేదు. కానీ ఆ పని 1992లో మొదలై 1999 దాకా సాగింది. మెరుపుకు ఏడేళ్లు పట్టవు. చేయి చేసే పనిని ఒక్కో కదలికగా విడదీసి, ఒక్కో భాగం చేసి చూసి, కుదరనిది పక్కన పెడుతూ వెళ్లాడు. యంత్రం ఎవరి కోసమో ఆ మనిషి ఇంట్లోనే ఉంది, పని ఎలా జరగాలో ఆయన ఒంటికే తెలుసు. పెద్ద సంస్థలు సర్వేలు చేయించి సంపాదించుకోవాల్సింది ఆయనకు పుట్టుకతో వచ్చింది. ప్రతిభను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఆ ప్రతిభ నడిచిన దారి కోయంబత్తూరు పరీక్షల దారే.

ఇంత దిద్దినా బోరింగుకు లోపాలు మిగిలాయి కదా అంటే, మిగిలాయి. చైను లాగగలదు గాని నెట్టలేదు. బోరు లోతు తక్కువైతే రాడ్లకు బరువు చాలక హ్యాండిల్ సరిగా తిరిగిరాదు. అన్నిటికన్నా పెద్ద చిక్కు నీళ్ల అడుగున ఉండే సిలిండర్‌లోది. అందులో తోలు వాషరు అరిగితే పైపులన్నీ ఒక్కొక్కటిగా పైకి లాగాలి. దానికి ప్రత్యేక పనిముట్లతో, బండితో మెకానిక్ బృందం రావాలి. వచ్చేదాకా ఊరు ఎదురుచూడాలి. పంపు విరగకపోవడం సాధించారు గాని, ఊరివాళ్లే బాగుచేసుకోవడం మొదటి ప్రశ్నలో లేదు. 1983 నుంచి కోయంబత్తూరు దగ్గరే మళ్లీ పరీక్షలు పెట్టారు. తోలుకు బదులు నైట్రైల్ రబ్బరు వాషర్లు ఎక్కువకాలం మన్నాయి. పైపులు తీయకుండానే పిస్టన్‌ను పైకి లాగగలిగేలా మార్క్ 3 వచ్చింది. దానికి వెడల్పు పైపు కావాలి, వెడల్పు పైపు బరువు, ఖరీదు. అందుకే మార్క్ 3 అన్నిచోట్లా మార్క్ 2 స్థానాన్ని తీసుకోలేదు. ఒక సుగుణం కోసం ఇంకోటి వదులుకోక తప్పని చోట, ఏది వదులుకోవాలో వాడేవాళ్లను అడిగి తేల్చుకోవడమే డిజైనర్ చేయగలిగింది. అన్నీ కుదిరాయని చెప్పేవాడిని నమ్మకండి.

నాలుగో అభ్యంతరం అన్నిటికన్నా బరువైనది. అది మన నేల మీదిదే. నీటిలో ఫ్లోరైడ్ వల్ల ఎముకలు వంగిపోతున్నాయని మన దేశంలో మొదట గుర్తించింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో. అంటే బోరింగు పుట్టడానికి చాలా ఏళ్ల ముందే ఆ సంగతి తెలుసు. గ్రానైట్ రాతిలో ఎక్కువకాలం నిలిచిన నీటిలోకి ఫ్లోరైడ్ దిగుతుంది. అలాంటి నేలే ఉన్న నల్లగొండ పల్లెల్లో బోరింగు ఆ నీటినే, నమ్మకంగా, ఏళ్ల తరబడి తోడి ఇచ్చింది. పంపు మెరుగైన కొద్దీ ఆ నీరు ఎక్కువ అందింది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి కనిపెట్టి, దానికి నల్లగొండ పేరే పెట్టింది. రోజూ మోతాదు చూసి కలిపి, తేర్చి, అడుగున దిగిన మడ్డిని పారబోయడం ఇంటింటా సాగే పని కాలేదు. చివరికి దూరం నుంచి కృష్ణా నీటిని పైపుల్లో తెచ్చే దాకా ఆ జిల్లా ఎదురుచూసింది. ఇది నా వాదనకు దెబ్బ అని కొందరనవచ్చు. దెబ్బే, కానీ అదే తట్టు నుంచి బలం కూడా. నీళ్లు ఎలా తోడాలి అని అడిగిన చోట ఏ నీళ్లు తాగాలి అని అడగాల్సింది. దానికి కావాల్సిన సమాచారం 1937 నుంచే అందుబాటులో ఉంది. పోత ఇనుము పంపు విఫలమైంది ప్రశ్నలో మనుషుల సంఖ్య లేక. ఉక్కు పంపు కొన్ని ఊళ్లలో హాని చేసింది ప్రశ్నలో నీటి గుణం లేక. రెంటిలోనూ లోపం ఒకటే. ఇనుము గురించి అడిగినంత శ్రద్ధగా మనిషి గురించి అడగలేదు.

ఖర్చు సంగతి చెప్పి ముగిస్తాను. పరీక్షలకు ఏడాది వృథా, డబ్బు వృథా అనే అధికారులకు 1974 పరిశీలనే జవాబు. పనిచేయని మూడు పంపుల ధరను పనిచేసే ఒక్క పంపు మీద వేసి చూస్తే, చవక వస్తువు అసలు ధర తెలుస్తుంది. అయినా ఈనాటికీ బడి బల్లలు, బస్టాండు కుర్చీలు, ఆసుపత్రి మంచాలు, ఊరి శుద్ధజల యంత్రాలు టెండర్లలో తక్కువ ధర ఒక్కటే చూసి కొంటున్నాం. ఆ టెండరు పత్రాల్లో ఒక్క షరతు చేరిస్తే చాలు: మొత్తం కొనే ముందు కొన్నింటిని నిజంగా వాడే చోట, నిజంగా వాడేవాళ్ల చేతుల్లో ఆరు నెలలు ఉంచాలి, ఏది చెడిందో రాసి జతచేయాలి. ఈ మాట అడగడానికి ఇంజనీరై ఉండక్కర్లేదు. గ్రామసభలో, బడి యాజమాన్య కమిటీలో కూర్చునే ఎవరైనా అడగవచ్చు. అడగండి.